గిటారు క్యాసెట్టుకు పడిన ఓట్లు

పిడుగురాళ్లలో మాచవరం బస్సులు ఆగేచోట జిలానీ మైకుల దుకాణం ఉంది. పెళ్ళికి, ఉరుసుకు, మీటింగుకు మైకులు కడతాడు. తీరిక దొరికినప్పుడు క్యాసెట్లలో పాటలు ఎక్కిస్తాడు. పాటల పేర్లు చీటీ మీద రాసి ఇచ్చిపోతే రెండు రోజుల్లో క్యాసెట్టు చేతిలో పెడతాడు. కానీ ఆ ఏడు, అంటే ఎనభై ఏడు మే నెలలో, దుకాణంలో ఖాళీ క్యాసెట్టు ఒక్కటి కూడా లేదు. నరసరావుపేట నుంచి రావాల్సిన సరుకు రాలేదు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో మేకుకు గుచ్చిన చీటీలు మాత్రం రోజురోజుకూ లావెక్కుతున్నాయి.

ఇక కాస్తో కూస్తో వాడుకోదగ్గవి రెండే మిగిలాయి. ఒకటి శేషగిరిరావు గారి ఉపన్యాసం. ఆయన మాచవరం వైపు ఆసామి. మొన్న మండలం ఎలక్షన్లలో నిలబడి, గంటసేపు మాట్లాడి రికార్డు చేయించి, జీపుకు మైకు కట్టించి ఊరూరా తిప్పి, ఓడిపోయాడు. "పెద్దమనిషి గొంతు. దాని మీద సినిమా పాట ఎక్కిస్తే ఏం మర్యాద" అని జిలానీ దాన్ని పై అరలో అగరొత్తుల డబ్బా పక్కన పెట్టాడు.

రెండోది గిటారు క్యాసెట్టు. గొడవంతా దానితోనే వచ్చింది.

దాన్ని తెచ్చింది జిలానీ బావమరిది ఖాదర్ వలి. సున్నం లోడుతో లారీ తోలుకుని మద్రాసు పోయినప్పుడు, అక్కడ ప్లాట్‌ఫారం మీద గుట్టగా పోసి అమ్ముతుంటే తీసుకున్నాడు. అట్ట మీద నల్లటి మనిషి ఒకాయన, కళ్ళు మూసుకుని, మెడకు గిటారు తగిలించుకుని ఉన్నాడు. ఆ గిటారుకు కరెంటు వైరు. ఆయన నుదుటి మీద చెమట బొట్లు కూడా ఫోటోలో కనపడుతున్నాయి.

"ఏం పాటలు మామా ఇవి?" అని అడగాలనుకుంది రబియా. అనుకునేలోపే ఖాదర్ వలి టీ తాగి లారీ ఎక్కేశాడు.

రబియా జిలానీ కూతురు. అమ్మమ్మ ఊళ్ళో చదువుకుని పదో తరగతి పరీక్షలు రాసి వచ్చింది. ఎవరైనా పేరు అడిగితే ఆ పిల్ల జవాబు కూడగట్టుకునేసరికి అడిగినవాళ్ళు పక్క వీధిలో ఉండేవాళ్ళు. చెప్పలేకపోయినవన్నీ రాసుకునేది. రాసుకునే డైరీ కూడా రెండేళ్ళ నాటిది, ఎరువుల కంపెనీ వాళ్ళు పంచింది. తేదీ కలిసినా వారం కలవదు. రోజూ ముందు వారం పేరు కొట్టేసి, పైన అసలు వారం రాసి, అప్పుడు మొదలుపెట్టేది.

ఆ సోమవారం జిలానీ కొత్త క్యాసెట్టు ఎట్టా ఉందో చూద్దామని పెట్టాడు. మొదటి పాటలో గిటారు అందుకోగానే ఉలిక్కిపడి ఆపేశాడు.

"పోయింది. యాంప్లిఫయర్ పోయింది" అన్నాడు.

వెంటనే పైమూత విప్పాడు. బంగారం లాంటి ట్రాన్సిస్టర్ పీకి కొత్తది అతికించాడు. మళ్ళీ వేశాడు. అదే బరబర. సున్నం దుమ్ము పట్టిందేమోనని అగ్గిపుల్లకు దూది చుట్టి స్పిరిట్‌తో టేపు రాసుకుపోయే హెడ్డు తుడిచాడు. అదే బరబర. స్పీకరు మార్చాడు. వైర్లు మార్చాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా సాల్డరింగ్ వాసన కొడుతూ కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి విసిగిపోయి, సరే చూద్దామని ఒక సినిమా పాట వేస్తే, గంట కొట్టినట్టు పాడింది.

జిలానీ స్క్రూ డ్రైవరు బల్ల మీద పడేశాడు.

"అంటే మన సెట్టు బాగానే ఉంది" అన్నాడు చివరికి. "పాటే చెడిపోయి ఉంది. ఏ చప్పుడు రాకూడదని నేను ఇరవై ఏళ్ళ నుంచి చస్తా బతుకుతా ఉన్నానో, ఆ చప్పుడే పనిగట్టుకుని వాయించాడు ఈ మహానుభావుడు."

అప్పటినుంచి ఆయనకు ఆ క్యాసెట్టంటే ఒళ్ళుమంట.

రబియాకు మాత్రం ఇంకోరకంగా ఉంది. నాన్న రిపేరు చేస్తూ పొద్దుటినుంచి ఆ ఒక్క పాటనే ముప్పైసార్లు వేశాడు కదా, ముప్పైసార్లూ ఆ పిల్ల దుకాణం వెనక గదిలో చాటలో కందిపప్పు పెట్టుకుని వింది. అట్ట మీది మనిషి ఒక మాట పాడతాడు. అదే మాట మళ్ళీ పాడతాడు. మూడోసారి నోరు తెరిచి, మధ్యలో ఆగిపోతాడు. అక్కడి నుంచి గిటారు అందుకుని మిగతాది చెప్తుంది. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, ఆ ఆగిపోవడం రబియాకు బాగా తెలిసిన సంగతే.

మంగళవారం పొద్దున శేషగిరిరావు గారి మనిషి వచ్చి పాటల చీటీ ఇచ్చిపోయాడు. ఆదివారం ఆయన కూతురి పెళ్ళి. జిలానీ అరలన్నీ వెతికి, ఇక లాభం లేదని గిటారు క్యాసెట్టు చేతిలోకి తీసుకున్నాడు. కంపెనీ క్యాసెట్లకు పైఅంచున రెండు చిన్న గుంటలుంటాయి. అవి ఖాళీగా ఉన్నంతకాలం దాని మీద ఏమీ ఎక్కదు. గుంటల్లో కాగితం కుక్కితే చాలు, పాత పాట పోయి కొత్త పాట వచ్చేస్తుంది. జిలానీ పాత పేపరు చింపి రెండు ఉండలు చేశాడు.

"వద్దు నాన్నా" అంది రబియా.

జిలానీ తలెత్తాడు. కూతురు తనకు అడ్డం చెప్పడం ఆయనకు కొత్త. కోపం రాకపోగా ముచ్చటేసింది.

"ఏం, ఎందుకొద్దు?"

రబియా చెప్పబోయి, తలుపు గొళ్ళెం కేసి చూస్తూ ఉండిపోయింది.

"నీ ఒక్కదానికి నచ్చితే సరిపోద్దా? సరే, ఒక పని చేద్దాం. ఎలక్షన్ పెడతా. రేపట్నుంచి శుక్రవారం దాకా రోజుకు రెండుసార్లు వేస్తా. బజార్లో విన్నోళ్ళు ఏమంటారో నువ్వే అడిగి రాసుకో. బాగుందన్నోళ్ళు ఎక్కువైతే ఉంచేస్తా. లేదంటే శనివారం పొద్దున్నే పెళ్ళిపాటలు ఎక్కిస్తా. మాటేనా?"

రబియా తలూపింది. తలూపాక గానీ తట్టలేదు. అడిగి రాసుకోవడమంటే అడగాలి కదా.

బుధవారం క్యాసెట్టు మొదలుపెట్టి, బల్ల వెనక డైరీ తెరుచుకుని కూర్చుంది. పేజీకి మధ్యలో గీత కొట్టి ఒకవైపు 'బాగుంది', ఇంకోవైపు 'బాగాలేదు' అని రాసింది. అడగాల్సిన పనేం లేదని పది నిమిషాల్లో తేలిపోయింది. పిడుగురాళ్ల బజార్లో అభిప్రాయం చెప్పమని ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

మొదట ధనమ్మ. దుకాణం ముందు పందిరి నీడలో మజ్జిగ కుండ పెట్టుకుని అమ్ముతుంది.

"ఏమే, ఎవరే ఆయన? పన్నునొప్పా?" అంది. "పాపం, ఎట్టా మూలుగుతున్నాడో చూడు."

రబియా 'బాగాలేదు' కింద రాయబోయింది. అంతలో నాన్న ఆపేద్దామని వస్తే ధనమ్మే అడ్డం పడింది.

"ఉండు జిలానీ, ఆపమాక. చివరికన్నా నొప్పి తగ్గుద్దేమో చూద్దాం."

ఇది ఏ వైపు ఓటో రబియాకు తెలియలేదు. గీత మీదనే 'ధనమ్మ పెద్దమ్మ' అని రాసింది.

తరువాత నరసింహారావు మాస్టారు. రిటైరైన తెలుగు మాస్టారు. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని రెండు పాటలు పూర్తిగా విన్నారు.

"దీనికి పల్లవీ లేదు, చరణమూ లేదు" అన్నారు. "మొదటి వాక్యమే రెండోసారి అంటున్నాడు. జవాబు రాని పిల్లవాడు పేజీ నింపడానికి రాసినట్టుంది. మూడో వాక్యంలోనన్నా విషయానికొస్తాడా అంటే, అదీ తీగ మీద తోసేస్తున్నాడు."

అట్ట మీద పేరు చదవమని జిలానీ అడిగితే ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. "బ్లూస్ అని ఉంది. బ్లూ అంటే నీలం. బ్లూస్ అంటే, మరి, నీలాలు అవ్వాలి." అట్ట తిప్పి చూశారు. ఆ మనిషి వేసుకున్న చొక్కా ఎర్రది. "ఇదొక తిరకాసు" అని వెళ్ళిపోయారు.

గురువారం పొద్దున మళ్ళీ వచ్చి, ఇంకో రెండు పాటలు విని, బాగాలేదన్నారు. సాయంత్రం కూడా వచ్చి చెప్పారు. బాగాలేదని చెప్పడానికి మూడుసార్లు నడిచొచ్చిన మనిషిని ఎట్లా లెక్కవెయ్యాలో రబియాకు అర్థం కాలేదు. మాస్టారు కదా, ఆయన మాట ప్రకారమే రాసింది.

సున్నం బట్టీలో పనిచేసే పుల్లయ్య కనుబొమల దాకా తెల్లగా వచ్చి, మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి విన్నాడు.

"ఈయన ఎవరోగానీ బట్టీలో పనిచేశాడు" అన్నాడు.

"నీకెట్టా తెలుసయ్యా?" అంది ధనమ్మ.

"రాయి ఎత్తేటప్పుడు మేం కూడా అట్నే అంటాం. సగం మాట నోట్లోంచి వస్తది, సగం నడుములోంచి వస్తది." గ్లాసు కిందపెట్టి, "బాగుంది. రేపు కూడా వెయ్యి" అన్నాడు.

రబియా ఆ ఓటును కొంచెం పెద్ద అక్షరాలతో రాసింది.

సైకిల్ షాపు అతను తలనొప్పి అన్నాడు. గురజాల బస్సు డ్రైవరు ఇంజను ఆపుకుని విని, "గేరు పడక ఇబ్బంది పడతన్నట్టుంది, కానీ పడ్డాక హాయిగా పోతంది" అని 'బాగుంది' వైపు పడ్డాడు. పక్క వీధి హజ్రా బీ గుంపుతో చీరలు కొనడానికి పోతూ ముక్కు మీద వేలేసుకుని నాలుగు ఓట్లు ఒకేసారి అవతలివైపు వేసిపోయింది. ఇంట్లో తల్లి జుబేదా పొయ్యి దగ్గర నుంచే చెప్పింది.

"పని చేసుకుంటా వింటే బాగుంది. కూర్చుని వింటే ఏడుపొస్తంది."

"అయితే బాగున్నట్టా, బాగాలేనట్టా అమ్మా?"

"నేను కూర్చునేది ఎప్పుడులే. బాగుందనే రాసుకో."

శుక్రవారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. బాగుంది ఆరు. బాగాలేదు తొమ్మిది. గీత మీద ధనమ్మ ఒక్కతే ఉంది.

జిలానీ డైరీ చూసి, కూతురి ముఖం చూసి, మెడ రుద్దుకున్నాడు. "ఏం చేస్తాంలే. ఎలక్షనంటే ఎలక్షనే. శేషగిరిరావు గారంతటాయనే ఓడిపోలా?" అని కాగితం ఉండలు రెండూ గుంటల్లో కుక్కి, క్యాసెట్టును రేపటి పనికి బల్ల మీద పెట్టాడు. రబియా ఆ పేజీలో ఇంకేమీ రాయలేదు. కలం మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

మూడింటికి శేషగిరిరావు గారి జీపు వచ్చి ఆగింది. పెళ్ళికి కట్టబోయే గరాటు హారన్లను రెండు రోజుల ముందే దుకాణం దగ్గర కట్టి మోగించి చూపించడం జిలానీ పద్ధతి. అప్పటికే నాలుగూ కట్టి ఉన్నాయి. దుకాణం మీద రెండు, ఎదురుగా సైకిల్ షాపు దూలానికి ఒకటి, ధనమ్మ కూర్చునే పందిరి గుంజకు ఒకటి.

"చూడు జిలానీ" అన్నాడు శేషగిరిరావు కండువాతో చెమట తుడుచుకుంటూ. "పోయిన నెల మా అన్న ఇంట్లో పెళ్ళికి ఎవరో కట్టిన మైకు, పంతులు మంత్రం చదివినప్పుడల్లా కప్పలాగా బెకబెకలాడింది. మగపెళ్ళివారు తలంబ్రాల దగ్గర కూడా నవ్వుతానే ఉన్నారు. మాకు అట్టాంటిది జరగకూడదు. నేను వియ్యంకుడి ముందు తిరగాల్సినోణ్ణి."

"మన దగ్గర అట్టాంటివి ఉండవు సార్" అని జిలానీ సినిమా పాట పెట్టాడు. నాలుగు హారన్లూ బజారంతా నింపేశాయి.

శేషగిరిరావు తల ఒకపక్కకు వంచి విన్నాడు. "ఎక్కడో బరబరమంటంది."

జిలానీ ఒక్కొక్క హారన్‌నే ఉంచి మిగతావి తీసేసి, మైకులో "హలో, హలో" అన్నాడు. నాలుగూ శుభ్రంగా పలికాయి. మళ్ళీ అన్నీ కలిపి పాట వేశాడు. డోలక్కులు, వయొలిన్లు, కోరస్సు అన్నీ ఒకేసారి మోగుతుంటే ఏం తేలుతుంది?

"ఏం లేదు సార్. బస్సు చప్పుడేమో."

"ఇప్పుడు బస్సు లేదుగా ఇక్కడ. నాకు అనుమానంగానే ఉంది జిలానీ. ఏమీ అనుకోమాకు, పేట నుంచి వేరే సెట్టు పిలిపించుకుంటాలే."

జిలానీ మైకు కింద పెట్టాడు. ఇరవై ఏళ్ళలో ఆయన కట్టిన మైకును ఎవరూ వద్దనలేదు.

రబియా తలుపు వెనక నిలబడి అంతా వింది. బరబర ఉందని ఆ పిల్లకు పొద్దున్నే తెలుసు. గిటారు క్యాసెట్టును ఆఖరిసారి వేసినప్పుడు నాన్న అప్పుడే హారన్లు తగిలించాడు. రెండోవైపు మూడో పాటలో గిటారాయన ఒకే ఒక్క తీగను మీటి, చానాసేపు సాగదీసి వదులుతాడు. అందులో ఆయనది కాని చప్పుడేదో కలిసింది. అప్పుడు చెబుదామనుకుంది. అనుకునేసరికి పాట అయిపోయింది.

ఇప్పుడు శేషగిరిరావు జీపు వైపు నడుస్తున్నాడు. ఈసారి మాటలు కూడగట్టుకునేదాకా ఆగితే జీపు మాచవరం చేరుతుంది. రబియా బల్ల దగ్గరికి పోయి, గిటారు క్యాసెట్టు తిప్పి పెట్టి, మూడో పాట దాకా ముందుకు ఉరికించి, మీట నొక్కింది.

"ఏమే, ఇప్పుడు అదెందుకు?" అన్నాడు జిలానీ.

తీగ మోగింది. ఆగకుండా, సన్నగా, గరగరమంటూ సాగుతూ ఉంది. శేషగిరిరావు జీపు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగాడు. రబియా బజారులోకి వచ్చి ధనమ్మ పందిరి గుంజ కింద నిలబడి వేలు పైకి చూపించింది.

"ఆ గరగర ఆయనది నాన్నా" అంది. మాట మధ్యలో ఆగలేదు. "ఈ బరబర మనది."

జిలానీ పరిగెత్తుకొచ్చి గుంజ కింద చెవి పెట్టాడు. సైకిల్ షాపు కిందికి పోయి విన్నాడు. మళ్ళీ గుంజ దగ్గరికి వచ్చాడు. "ఇంకోసారి వెయ్" అన్నాడు. రబియా వేసింది. మూడోసారికి నిచ్చెనెక్కి ఆ హారన్ దింపి, వెనక చప్పుడు పుట్టించే యూనిట్ విప్పాడు. లోపలి పలచటి రేకు అంచున వెంట్రుక వాసి చీలిక ఉంది. 'హలో' అన్నంత సేపు దానికి చాలదు. అంత పొడుగు తీగ మోగితేనే అది వణకడం మొదలుపెడుతుంది.

కొత్త రేకు వేసి, హారన్ ఎక్కించి, మళ్ళీ అదే పాట వేశారు. నాలుగింట్లోనూ ఆ మనిషి గరగర తప్ప ఇంకేమీ లేదు.

"ఇదయ్యా సంగతి" అన్నాడు శేషగిరిరావు. కుండ పక్కన స్టూలు మీద కూర్చుని మజ్జిగ తీసుకున్నాడు. "ఇంతకీ ఎవరాయన? పన్నునొప్పా?"

"నేనూ అదే అన్నానయ్యా" అంది ధనమ్మ సంతోషంగా.

"మంచి క్యాసెట్టే దొరికింది నీకు జిలానీ. దీన్ని దాచుకో."

జిలానీ నసిగాడు. "దీని మీదనే సార్, రేపు మీ పెళ్ళిపాటలు ఎక్కిద్దామని. ఖాళీ క్యాసెట్టు లేదు."

"అట్టెట్టా? ఎల్లుండి మా పందిట్లో మళ్ళీ బరబరమంటే దేంతో కనిపెడతావు? అదేంది, ఆ పైన అగరొత్తుల దగ్గర ఉందిగా ఒకటి?"

"అది... మీ ఉపన్యాసం సార్."

శేషగిరిరావు మజ్జిగ మీసం తుడుచుకుని పైకి చూశాడు. తన గొంతు అగరొత్తుల పక్కన ఉండడం చూసి ఆయనకు ఒక క్షణం ముచ్చటేసినట్టే ఉంది.

"దాన్ని విన్నోళ్ళే నాకు ఓటెయ్యలా. దాని మీద ఎక్కించు పో" అన్నాడు. జీపు ఎక్కబోతూ మళ్ళీ ఆగాడు. "మొదట్లో 'సభకు నమస్కారం' అని ఉంటది చూడు. ఆ ఒక్క ముక్కా ఉంచు. పెళ్ళికి కూడా పనికొస్తది."

జీపు వెళ్ళిపోయాక జిలానీ గుండుసూది తీసుకుని క్యాసెట్టు గుంటల్లోంచి కాగితం ఉండలు రెండూ పీకి పారేశాడు. అట్ట వెనక 'టెస్టింగ్' అని రాయమని కూతురికి ఇచ్చాడు. ఆ పిల్ల రాస్తుంటే పక్కన నిలబడి అడిగాడు.

"ఇంతకీ నీకు ఎందుకు నచ్చిందే? మంగళవారం అడిగితే చెప్పలా."

రబియా కలం ఆపింది. "ఆయన మాట మధ్యలో ఆగిపోతాడు నాన్నా" అంది. జిలానీ ఇంకా చెప్పమన్నట్టు చూశాడు. "ఆయన మాట మధ్యలో ఆగిపోతాడు" అని మళ్ళీ అంది. కలం మూత పెట్టింది. కాసేపటికి, "అయినా గిటారు వదిలిపెట్టదు" అంది.

జిలానీ కూతురి తల మీద చెయ్యి వేసి, నిచ్చెన లోపల పెట్టడానికి పోయాడు.

పందిరి కింద నుంచి ధనమ్మ మెడ చాచి డైరీలోకి చూసింది. ఆమెకు చదువు రాదు గానీ గీత ఎక్కడుందో కనపడుతుంది.

"నన్ను ఏ వైపు రాశావే?"

"మధ్యలో పెద్దమ్మా. ఇప్పుడు మార్చనా?"

ధనమ్మ ఆలోచించింది. "మధ్యలోనే ఉండనీ" అంది. "ఇంకోసారి వెయ్, చూద్దాం."